ప్రదర్శనశాల వాకిట దుర్గాబాయి

1923వ సంవత్సరాంతమున కాకినాడలో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన జాతీయ కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శనశాల వాకిట నియుక్తయైన పదునాలుగేండ్ల బాలిక, టిక్కెట్టు లేక లోనికి రాబోయిన జవహర్లాల్ నెహ్రూను నిలిపివేసి, నిర్వాహకులు కోపించినను చలింపక, టిక్కెట్టు చేతికి వచ్చిన పిమ్మటనే దారి విడిచిన కథ తెలుగువారిలో విననివారరుదు. ఆ బాలికయే దుర్గాబాయి. ఈ కథను ఆమె పుట్టుధైర్యమునకు తార్కాణముగా చెప్పుట మనకు పరిపాటి. నాకు మాత్రము ఆ వాకిటికి వచ్చునప్పటికే ఆమెకు పెద్దపనులు మోసిన అలవాటున్నదన్న సంగతియే ముఖ్యముగా తోచును.

1909లో రాజమహేంద్రవరమున పుట్టి కాకినాడలో పెరిగిన ఆమె, చిన్ననాడే ఆంగ్లమాధ్యమమును నిరసించి బడి మానివేసెను. బడి మానిన ఆడపిల్లకు వంటయిల్లే గతియైన ఆ కాలమున, ఆమె హిందీ నేర్చి, బాలికా హిందీ పాఠశాల నెలకొల్పి, వయసున తనకంటె పెద్దలైన స్త్రీలకు సైతము పాఠములు చెప్పెను. 1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చినప్పుడు, దేవదాసీలును ముసల్మాను స్త్రీలును ఆయనను దర్శింపవలెనని పట్టుపట్టినదియు నామెయే. అయిదువేల రూపాయలు పోగుచేసిననే ఆ యేర్పాటు సాగునని స్థానిక నాయకులు పెట్టిన నియమమును విని, పండ్రెండవ యేట నున్న ఆ పిల్ల వెనుదీయక ఆ మొత్తమును కూడబెట్టించి, ఆనాటి సభలో మహాత్ముని హిందీ ప్రసంగమును తెలుగున వినిపించెను. పసిపిల్ల మాటగా త్రోసివేయక అంతటి భారము నామెపై మోపిన ఆ పెద్దలను, వారు హాస్యమునకే మోపిరేమో కాని, నేను తప్పుపట్టలేను.

ఈ గోదావరీతీరమున బాలికల చదువు అంతకు పూర్వమే వేరూనినది. కందుకూరి వీరేశలింగము పంతులు ధవళేశ్వరమున బాలికాపాఠశాల తెరచినది 1874లో. అయినను బడికంటె ఇల్లే ఇచ్చట గట్టి పరీక్ష. దుర్గాబాయికి ఎనిమిదవ యేటనే పెండ్లి చేసిన ఆ యింటివారే, ఆమె ఎదిగి ఆ కాపురము తనకు వలదన్నప్పుడు, లోకనిందకు వెరవక ఆమె పక్షమున నిలిచిరి. తండ్రి రామారావు అంతటి మాటను కూతురి నోట విని సహించుట, ఆ దినములలో సామాన్యవిషయము కాదు.

ఉప్పుసత్యాగ్రహమున చెరసాలకేగి వచ్చిన పిమ్మట, విడిచిన చదువును ఆమె మరల చేపట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ గట్టెక్కి, తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తున పట్టమును, మద్రాసున న్యాయశాస్త్రపట్టమును పొందెను. మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళాసభను స్థాపించినప్పుడు, ఇరుగుపొరుగు ఆడపిల్లలను చేరదీయుటతో ఆరంభమైన ఆ పని, చదువు మధ్యలో నిలిచిపోయిన స్త్రీలను అదే కాశీ పరీక్షకు సిద్ధముచేయు తరగతులుగా విస్తరించెను.