నాజర్ ఆవాజ్: రాత్రంతా సాగే కథ రికార్డులోకి ఎక్కినప్పుడు

మన ఇళ్లల్లో మౌసీఖీ మాట వస్తే ఖవ్వాలీతో మొదలై గజల్‌తో ఆగిపోతుంది. షేక్ నాజర్ పేరు ఎవరికీ గుర్తు రాదు. అఫ్సోస్! తెలుగు జుబాన్‌లో ఊళ్లకి ఊళ్లని రాత్రంతా కూర్చోబెట్టిన ఫన్‌కార్ మన కౌమ్ బిడ్డే.

నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టాడు. కర్ణాటక సంగీతం నేర్చాడు. 1943లో మొదలైన ప్రజానాట్యమండలితో కలిసి నడిచాడు. బెంగాల్ కరువునీ, పల్నాటి యుద్ధాన్నీ, బొబ్బిలి కథనీ బుర్రకథగా వినిపించాడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన చాపకూడు కథ ఒక దూదేకుల నోట వినడంలో ఎంత మానీ ఉందో ఆలోచించండి.

బుర్రకథ ఒక్కడి హునర్ కాదు, ముగ్గురిది. ఖవ్వాల్‌కి హమ్‌నవాలు ఎలాగో, తంబురా పట్టిన కథకుడికి డక్కీలు వాయించే వంతలు అలాగ. ఒక వంత హాస్యం చెబుతాడు, ఇంకొకడు రాజకీయం మాట్లాడతాడు. కథ పాతదే, కానీ కరువు, పన్నులు, ఆ ఊరి పెత్తందారు అన్నీ అందులోకి వచ్చేస్తాయి. ఎదురుగా జనం ఎలా ఉంటే మెహఫిల్ అలా మారుతుంది.

ఆ తర్వాత జమానా మారింది. 1954లో ఎన్టీఆర్, భానుమతి నటించిన 'అగ్గిరాముడు'లో నాజర్ దళం అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పింది. రాత్రంతా సాగే కథ సినిమాలో కొన్ని నిమిషాలకి కుదించుకుపోయింది. ఆ రోజుల్లో గ్రామఫోన్ రికార్డు ఒక వైపు పట్టేది సుమారు 3 నిమిషాలే. ఖవ్వాలీకీ అదే గతి పట్టింది.

దీంట్లో నఫా ఉంది, నుక్సాన్ కూడా ఉంది. దళం ఎన్నడూ అడుగుపెట్టని ఊరికి కూడా నాజర్ ఆవాజ్ చేరింది. కానీ హాస్యగాడు ముందు వరసలో కూర్చున్నవాణ్ణి చూసి అప్పటికప్పుడు విసిరే మాట రికార్డులోకి ఎక్కదు. రాజకీయం వంత మాట కూడా రికార్డయిన రోజు దగ్గరే ఆగిపోతుంది. తర్వాత రేడియో, క్యాసెట్, టీవీ వచ్చాయి. జనం షౌఖ్ మారిపోయింది, రాత్రంతా కూర్చునే సబర్ తగ్గింది.

1986లో నాజర్‌కి పద్మశ్రీ వచ్చింది. 1997లో ఇంతెఖాల్ అయ్యాడు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. లోకం తక్కువచేసి పిలిచిన మాటనే పుస్తకం మీద నామ్‌గా పెట్టుకున్నాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే ముసల్మాన్‌ని 'అసలు ముసల్మాన్ కాదు' అన్నట్టు చూసే ఆదత్ మనలో ఇంకా పోలేదు. ఉర్దూ మన విరాసత్ అయితే నాజర్ తెలుగు కూడా మన విరాసతే. ఒకదాని ఇజ్జత్ కోసం ఇంకోదాన్ని దాచుకోనక్కర్లేదు.

మన సంగం చుట్టుపక్కల, ఏ.ఎస్.పేట దర్గా దారిలోని ఊళ్లల్లో బుర్రకథ కళ్లారా చూసిన నానాలు, దాదీలు ఇంకా ఉంటారు. ఈ జుమ్మాకి వాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. ఏ కథ విన్నారు, వంతలు ఏం చెప్పి నవ్వించారు, తెల్లారేదాకా ఎవరెవరు మేలుకున్నారు, అన్నీ అడగండి. చేతిలో ఫోన్ ఉంది కదా, వాళ్ల మాటని రికార్డు చేయండి. దానికి 3 నిమిషాల హద్దు లేదు.