గ్రాఫింగ్ కాలిక్యులేటర్ మెనూలు

గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌లో బటన్లు కొద్ది, పనులు వందలు. అన్ని పనులకూ బటన్లు చాలవు కాబట్టి వాటిని జాబితాలుగా తెరమీద చూపిస్తారు. ఆ జాబితాలే మెనూలు. మొదటి గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ను కాసియో సంస్థ 1985లో తెచ్చింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఐ-81 1990లోనూ, ఇప్పటికీ వాడుకలో ఉన్న టీఐ-84 ప్లస్ 2004లోనూ వచ్చాయి.

ఇంటర్, జేఈఈ, ఈఏపీసెట్ పరీక్షల గదుల్లోకి కాలిక్యులేటర్‌ను రానివ్వరు. అందుకే తెలుగునాట గణితం బాగా వచ్చిన పిల్లల్లో కూడా దీన్ని చేత్తో పట్టుకున్నవారు తక్కువ. శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గరలో, మహేశ్వరం మండలం హార్డ్‌వేర్ పార్కులో 2011లో మొదలైన ఆగాఖాన్ అకాడమీ సంగతి వేరు. అక్కడ ఇంటర్నేషనల్ బాకలోరియట్ (ఐబీ) డిప్లొమా చదువు ఉంది. 2019 నుంచి అమలైన ఐబీ గణిత కోర్సులు రెండింటికీ ఈ యంత్రం కావాలి. ‘అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్’లో అన్ని పేపర్లకూ వాడాలి, ‘అనాలిసిస్ అండ్ అప్రోచెస్’ మొదటి పేపర్‌లో మాత్రం వాడకూడదు.

టీఐ-84లో మ్యాథ్ బటన్ నొక్కితే తెర పైభాగాన శీర్షికలు, కింద అంకెలు వేసిన వరుసలు వస్తాయి. కుడి, ఎడమ బాణాలు శీర్షిక మారుస్తాయి. పై, కింది బాణాలు వరుస మారుస్తాయి. వరుస ముందున్న అంకెను నొక్కితే బాణాలతో పనే లేదు. చివరి అంకె పక్కన కిందికి చూసే బాణం గుర్తుంటే జాబితా ఇంకా ఉందన్నమాట. మొదటి వరుసలో నిలబడి పైకి నొక్కితే నేరుగా చివరికి చేరతాం. ఈ చిన్న కిటుకు పరీక్షలో ఎంతో సమయం మిగులుస్తుంది. దారి తప్పితే సెకండ్, ఆ తర్వాత క్విట్.

కాసియో పద్ధతి వేరు. మెనూ బటన్ నొక్కగానే బొమ్మలు వస్తాయి. ఒకటి ఎంచుకున్నాక, తెర అడుగున కనిపించే పేర్లకు సరిగ్గా కిందనే ఎఫ్1 నుంచి ఎఫ్6 దాకా బటన్లుంటాయి. ఎగ్జిట్ ఒక్కో మెట్టే వెనక్కి తెస్తుంది.

బటన్లు గుర్తుంటే సరిపోదు, గ్రాఫు చదవడమూ రావాలి. y = x² − 5x + 6 మూలాలు కనుక్కోవాలంటే టీఐ-84లో గ్రాఫు గీసి, క్యాల్క్ మెనూలో రెండో వరుస ‘జీరో’ ఎంచుకోవాలి. యంత్రం వెంటనే జవాబివ్వదు. ఎడమ హద్దు ఎక్కడ, కుడి హద్దు ఎక్కడ, నీ అంచనా ఎంత అని అడుగుతుంది. 1, 2.5 హద్దులిస్తే 2 వస్తుంది. 3 కావాలంటే హద్దులు మార్చి మళ్లీ అడగాలి. గ్రాఫు x అక్షాన్ని ఎక్కడ దాటుతోందో చూడగలిగినవారే ఈ ప్రశ్నలకు బదులివ్వగలరు. కాసియో ‘రూట్’ హద్దులడగదు. ఎడమ మూలాన్ని చూపి, కుడి బాణం నొక్కితే రెండోదానికి వెళుతుంది. వేగం కాసియోది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మాత్రం అడిగే యంత్రమే మేలు.