రామప్ప గుడికి తోబుట్టువు

పాలంపేట రామప్ప గుడి ఛాయాచిత్రాలు చూడనివారు మనలో ఉండరేమో. నల్లరాతి మదనికలు, అద్దంలా నునుపుదేలిన స్తంభాలు, స్వామి ఆజ్ఞకోసం చెవి నిక్కించినట్లుండే నంది. ఎవరు తీసినా ఇవే. గుడికి కిలోమీటరు దూరంలో ఉన్న చెరువు మాత్రం ఆ బొమ్మలలో అరుదుగా కనిపిస్తుంది. పదవీ విరమణ తరువాత కెమెరా పట్టుకోవడం అలవాటైన నేను అక్కడ రెండు రోజులుండి, ఒక పూట గుడికీ, మూడు పూటలు చెరువుకూ కేటాయించాను. కారణం మనవి చేస్తాను.

తెల్లవారుజామున కట్టమీద నిలబడితే కొండల నీడ నీళ్ళలో తలక్రిందులుగా కనబడుతుంది. థర్మాకోల్ తెప్పమీద ఒక జాలరి చప్పుడు లేకుండా వల తీస్తున్నాడు. ఒడ్డున గేదెలు, వాటి వెంట కొంగలు. ఎండ పొడుచుకు వచ్చేసరికి పొలాలకు పోయేవారి మాటలు వినవచ్చాయి. కట్టమీదా పరిసరాలలోనూ చిన్న గుళ్ళు శిథిలమై ఉన్నాయి. వాటి రాళ్ళ సందుల్లో చెట్లు మొలిచాయి. ఈ గుళ్ళను చూసినప్పుడే చెరువూ ఆలయమూ ఒకే సంకల్పానికి రెండు రూపాలని తోస్తుంది.

చరిత్ర కూడా ఆ మాటే చెబుతుంది. కాకతి గణపతిదేవుడు దేవగిరి యాదవుల చెరలో ఉన్న రోజులలో రాజ్యాన్ని నిలబెట్టిన సేనాని రేచర్ల రుద్రుడు. అతడు శక సంవత్సరం 1135లో, అనగా క్రీ.శ. 1213లో, ఇక్కడ రుద్రేశ్వరుని ప్రతిష్ఠించినట్లు ఆలయ శాసనం తెలుపుతున్నది. చెరువు కూడా అతని కాలపుదేనని ప్రసిద్ధి. పుత్రుడు, నిధి, దేవాలయం, వనం, కావ్యం, తటాకం, అగ్రహారం అనే సప్తసంతానాలను మన పెద్దలు ఒకే వరుసలో చెప్పారు. ఆ లెక్కన గుడీ చెరువూ తోబుట్టువులు. కాకతీయుల సామంతులూ సేనానులూ ఈ భావనను పుణ్యం మాటగానే వదలక పాలనా విధానంగా మలచుకున్నారు. చెరువు పంట ఇస్తుంది, పంట ఊరిని నిలుపుతుంది, ఊరు గుడిలో దీపం ఆరకుండా చూస్తుంది. పాకాల, లక్నవరం చెరువులు కూడా ఆ యుగపు వారసత్వమే.

శిల్పి చాతుర్యం గుడిలో కళ్ళకు కనిపిస్తుంది. పునాదిలో ఇసుక నింపడం, శిఖరానికి నీటిమీద తేలేటంత తేలిక ఇటుకలు వాడటం అందరూ చెప్పుకొనేవే. చెరువు కట్టినవాని చాతుర్యం నీటి అడుగున ఉంటుంది. కొండల నడుమ ఖాళీని చూసి కట్ట వేయడం, పొలాలకు తూము పెట్టడం, అధిక జలం పోవడానికి మత్తడి విడవడం సామాన్య విద్య కాదు. కడప మండలంలోని పోరుమామిళ్ళ శాసనం (1369) మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను లెక్కించి చెప్పింది. మనవారికి ఇది శాస్త్రమన్నమాట.

2021లో యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తెలుగువారందరికీ ఆనందం కలిగించిన విషయమది. అయితే గుర్తింపుతోపాటు వచ్చే జనం గుడిముందు బొమ్మ తీయించుకుని మరలిపోతే, కట్టమీది చిన్న గుళ్ళు ఒక్కొక్క రాయిగా జారిపోతుంటే, మనకు దక్కేది సగం వారసత్వమే. ఏ తూము ఎప్పుడు ఎంత ఎత్తాలో తరతరాలుగా ఎరిగిన నీరటికాండ్ర విద్యను ఏ శిలమీదా చెక్కలేదు. వారు చెప్పగా రాసుకుంటేనే అది మిగులుతుంది.

ఈ చెరువుకు ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు కూడా చేరుతున్నది. ఎనిమిది వందల ఏళ్ళ నాటి కట్ట క్రింద ఈనాటికీ వరి పండుతున్నది. శిల్పాన్ని చూసి చేతులు జోడిస్తాం. ఈసారి పాలంపేట వెళ్ళే మిత్రులు మరొక్క కిలోమీటరు నడచి, ఆ కట్టకు కూడా ఒక నమస్కారం పెట్టి రండి. వీలైతే ఆ చిన్న గుళ్ళ బొమ్మలు తీసి దాచండి.