మూతపడిన రెక్క లోపల

సొంతంగా విమానం కట్టుకోవడం అమెరికాలో పాత అలవాటే. మిన్నెసోటాలోని చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజన్ బిగించిన విమానాన్ని గాలిలోకి లేపాడు. ఆ తర్వాత ఫెడరల్ లైసెన్సు లేని విమానాలను చాలా రాష్ట్రాలు నిషేధించడంతో ఈ పని అడుగంటింది; ఆరిగన్‌లో మాత్రం కొనసాగింది. అక్కడి జార్జ్ బొగార్డస్ 1947లో 'లిటిల్ జీ బీ' అనే చిన్న విమానంలో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు, వాషింగ్టన్ దాకా ఎగిరి వెళ్లి అధికారులతో వాదించాడు. అయిదేళ్లకు సొంతంగా కట్టిన విమానాలకు చట్టంలో చోటు దొరికింది. 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీలో ఇలా విమానాలు కట్టేవాళ్ల కోసం ఈఏఏ అనే సంఘం పెట్టాడు.

ఆ చట్టం అడిగే ప్రధానమైన ప్రశ్న ఒకటే: ఈ విమానంలో పెద్ద భాగాన్ని నేర్చుకోవడానికో, సరదాకో కడుతున్నవాళ్లే చేశారా? యాభై ఒక్క శాతం నియమమని అందరూ పిలిచేది దీన్నే. నిర్మాణ చిట్టా, ఫొటోలు, కొనుగోలు రసీదులు మొదట ఈ ప్రశ్నకు రుజువులు. అందుకే చాలామంది వాటిని వట్టి కాగితాల తంతుగా చూస్తారు. అది పొరపాటని నా వాదన. ఒకప్పుడు రెక్కకు గుడ్డో రేకో కప్పేముందే ప్రభుత్వ తనిఖీదారు వచ్చి లోపలి పని చూసేవాడు. 1983 నుంచి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆ పద్ధతి మానుకుంది. తనిఖీదారు ఇప్పుడు పూర్తయిన విమానాన్నే చూస్తాడు. మూతపడిన రెక్క లోపల ఏం జరిగిందో చెప్పగలిగేది ఇక చిట్టాయే. సర్కారు కన్ను చూసిన చోటును కట్టేవాడి కలం భర్తీ చేయాల్సి వచ్చింది.

ఒక రివెట్‌నే తీసుకోండి. కొట్టి బిగించాక దాని తల కాడ మందానికి సుమారు ఒకటిన్నర రెట్లు వెడల్పవాలి, సగం ఎత్తుండాలి. రేకు మూసేశాక వేలాది తలలను మళ్లీ కొలవడం ఎవరివల్లా కాదు. బర్ట్ రుటాన్ వేరీఈజీ తరహాలో ఫోమ్ మీద ఫైబర్‌గ్లాస్ పరిచే విమానాల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. రెజిన్, గట్టిపరిచే మందు ఏ పాళ్లలో కలిశాయి, గదిలో ఎంత వేడి ఉంది అన్నది గట్టిపడ్డ పొరను చూసి తేల్చలేం. ఆ రోజే రాసుకున్న తేదీ, డబ్బా మీది బ్యాచ్ సంఖ్య, అదే కలుపులోంచి తీసి దాచిన చిన్న ముక్క, ఇవే సాక్ష్యం. నెల తర్వాత గుర్తుచేసుకుని రాసింది వీటికి సాటి రాదు.

చిట్టాలో అబద్ధం రాయొచ్చు కదా అంటారు. రాయొచ్చు. అందుకే మూతవేసేముందు ఈఏఏ టెక్నికల్ కౌన్సెలర్‌ను పిలిచి చూపించి, ఆ మాట కూడా నమోదు చేయడం ఆనవాయితీ అయింది. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. 1997 అక్టోబరు 12న గాయకుడు జాన్ డెన్వర్ కొత్తగా కొన్న, ఎవరో సొంతంగా కట్టిన లాంగ్-ఈజీ విమానం సముద్రంలో కూలి, ఆయన చనిపోయాడు. కట్టినవాడు ఇంధనం మళ్లించే పిడిని ప్లానులో చూపిన చోట కాక పైలట్ ఎడమ భుజం వెనక అమర్చాడు. దానికి గుర్తులూ లేవు. ఆ సంగతి డెన్వర్‌కు తెలుసు. తెలిసీ ప్రాణం దక్కలేదంటే రాత వల్ల ఏం లాభం? చెడ్డ నిర్ణయాన్ని చిట్టా సరిదిద్దలేదు, ఒప్పుకుంటాను. కాని ప్లానును ఎక్కడ, ఎందుకు దాటారో రాసిపెడితే అలవాటులా కనిపించేది నిర్ణయంగా బయటపడుతుంది. నిర్ణయమని తెలిశాక తర్వాతి మనిషి దాన్ని ప్రశ్నించగలడు, మార్చగలడు.

ఆ తర్వాతి మనిషి గురించి కట్టేవాళ్లు తక్కువగా ఆలోచిస్తారు. ఏటా చేయాల్సిన తనిఖీకి కట్టినవాడికి దొరికే రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఆ ఒక్క విమానానికే, ఆ ఒక్క మనిషికే. అమ్మితే కొన్నవాడికి బదిలీ కాదు. కొన్నవాడు సాధారణంగా ఆ పనికి లైసెన్సున్న మెకానిక్‌ను పిలుస్తాడు. ఈ విమానం ఎలా కట్టారో ఎన్నడూ చూడని ఆ మెకానిక్, తనిఖీ మూతలు విప్పేముందు అడిగి తీసుకోవాల్సింది ఆ చిట్టానే.