పట్టా ఎంత సాగుతుంది, దూలం ఎంత వంగుతుంది: కామాటీల కథలో ఒక లెక్క

రీడెవలప్‌మెంట్ మీటింగుల్లో "దూలం వంగింది గానీ విరగలేదు కదా" అనే మాట తరచుగా వినబడుతోంది. దానికి జవాబు ఒక పాత లెక్కలో ఉంది. ఆ లెక్క మన కామాటీల చేతుల మీదుగా నడిచిందే. తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందు మన చరిత్ర. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి, వర్లీ దగ్గర సముద్రపు పోటు ఆగిపోయింది. లోపలి బురద నేలలు మెల్లగా గట్టిపడ్డాయి. నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి వచ్చిన కూలీలు, మేస్త్రీలు అక్కడ గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల పేరే కామాటిపురకు నిలిచింది. మట్టి మోయడం, రాయి ఎత్తడం, గోడ కట్టడం వాళ్ల పని. మనవాళ్లలో కాంట్రాక్టర్లూ ఉండేవారు. 1873లో జ్యోతిరావు ఫూలే పుణెలో సత్యశోధక్ సమాజం పెట్టినప్పుడు ముంబైలో ఆయనకు అండగా నిలిచిన తెలుగు పెద్దల్లో వ్యంకు బాళోజీ కాళేవార్, జాయా కరాడి లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు ఉన్నారు. ఈ పేర్లు మన పిల్లలకు తెలియాలి.

ఇక లెక్క. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే శాస్త్రజ్ఞుడు 1676లో తాను కనిపెట్టిన సూత్రాన్ని అక్షరాలు తారుమారు చేసి అచ్చు వేశాడు, వేరేవాళ్లు కొట్టేయకుండా. 1678లో విప్పి చెప్పాడు: ఎంత లాగితే అంత సాగుతుంది. రెండింతలు లాగితే రెండింతలు. 1807లో థామస్ యంగ్ అనే డాక్టరు తన ఉపన్యాసాల్లో, ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క గుణకం ఉంటుందని వివరించాడు. నేను చదివింది తమిళ మీడియం. అక్కడ దీన్ని 'మీట్చి' అనేవారు, అంటే తిరిగి రావడం. తెలుగులో స్థితిస్థాపకత, పాత స్థితిని మళ్లీ నిలబెట్టుకోవడం. రెండు భాషలూ ఒకే మాట చెప్తున్నాయి: సాగడం కాదు ముఖ్యం, బరువు తీసేశాక వెనక్కి రావడం ముఖ్యం.

సూత్రం చిన్నదే. బలాన్ని పొడవుతో గుణించి, అడ్డుకోత వైశాల్యంతోనూ గుణకంతోనూ భాగిస్తే సాగిన మేర వస్తుంది. ఉక్కు గుణకం చదరపు సెంటీమీటరుకు సుమారు 20 లక్షల కిలోలు. టేకుది దానిలో పదిహేనో వంతో ఇరవయ్యో వంతో.

రైల్వేలో ఈ లెక్క రోజువారీ పని. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు తొలి ప్రయాణికుల బండి నడిచింది. అప్పటి నుంచి చాలా కాలం పట్టాలు చిన్న ముక్కలే. మధ్యలో సందు వదిలేవారు. 13 మీటర్ల పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే నాలుగున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ సందు మీద చక్రం దాటినప్పుడు వచ్చేదే టకటక శబ్దం. తర్వాత పట్టాలను వెల్డింగ్ చేసి పొడుగ్గా కలిపారు, సందు పోయింది. మరి ఆ పెరుగుదల ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, పట్టాలోనే బలంగా దాక్కుంది. మీటరుకు 60 కిలోల పట్టాలో ఒక్క డిగ్రీకి సుమారు 1.9 టన్నులు. 20 డిగ్రీలకు 38 టన్నులు, అదీ ఒక్క పట్టాకే. కంకర గట్టిగా పట్టుకోకపోతే ఎండాకాలం మధ్యాహ్నం లైను పాములా పక్కకు వంకర పోతుంది.

అందుకే ఒక మధ్యస్థ ఉష్ణోగ్రత ఎంచుకుంటారు. పట్టా అంతకంటే 10 డిగ్రీలు చల్లగా ఉంటే, క్లిప్పులు విప్పి, రోలర్ల మీద పెట్టి, హైడ్రాలిక్ టెన్సర్‌తో లాగుతారు. 250 మీటర్ల పట్టాను 28.8 మిల్లీమీటర్లు సాగదీయాలి. దానికి సుమారు 19 టన్నుల బలం కావాలి. యంగ్ గుణకం, 76.86 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం వేసి మీరే చూసుకోండి, లెక్క సరిపోతుంది. ఆ మిల్లీమీటర్లు కాగితం మీద రాయడం గుమాస్తా పని. ఎండలో నిలబడి లాగింది మాత్రం గ్యాంగ్‌మన్. కట్టినవాడి పేరు ఎప్పుడూ రిజిస్టరులో చివరనే ఉంటుంది.

ఇప్పుడు మన చాళ్ల సంగతి. దూలం వంగడంలోనూ అదే గుణకం పని చేస్తుంది, కానీ పొడవు చాలా ముఖ్యం. మధ్యలో అదే బరువు పెట్టి, స్తంభాల మధ్య దూరం రెండింతలు చేస్తే వంపు రెండింతలు కాదు, ఎనిమిదింతలు. గది పెద్దది చేసుకోవాలని మధ్య ఖంబా తీసేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. పై అంతస్తులో నీళ్ల డ్రమ్ములు పెడితే బరువు కూడా పెరుగుతుంది. చెక్కకు ఇంకో గుణం ఉంది. ఏళ్ల తరబడి బరువు మోస్తే మెల్లమెల్లగా కుంగిపోతుంది, బరువు తీసినా పూర్తిగా పైకి రాదు. చెద పట్టినా, వానకు తడిసినా పుస్తకంలోని గుణకం ఇక దానికి చెల్లదు.

కాబట్టి "వంగింది గానీ విరగలేదు" అన్న మాటను ఇలా మార్చుకుందాం: "వంగింది, బరువు తీస్తే వెనక్కి వస్తుందా?" రాకపోతే అది హెచ్చరిక. ప్రతి ఏడూ వానలకు ముందు మ్హాడా ప్రమాదకరమైన పాత భవనాల జాబితా ఇస్తుంది. అందులో పేరు లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. ఆడిట్‌కు ఇంజనీరు వచ్చినప్పుడు మూడే ప్రశ్నలు అడగండి: ఎంత వంగింది, పోయిన ఏడు కంటే పెరిగిందా, ఎంతవరకు వంగనివ్వవచ్చు? ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ నగరపు గోడలు లేపిన జాతి మనది. పని తెలిసినవాళ్ల మనవళ్లం కదా, మన ఇంటి దూలం లెక్క మనమే అడిగి తెలుసుకుందాం. మీ ఇళ్లల్లో తాతల నాటి కూలి చీటీలు, కాంట్రాక్టు కాగితాలు, ఫోటోలు ఉంటే సంఘం ఆఫీసుకు చూపించండి. రీడెవలప్‌మెంట్‌లో గోడలతో పాటు అవి కూడా పోకూడదు.