సంగారెడ్డి సీమలో కళాపరంపర

కళ యన్న మాట చెవిని పడగానే అజంతా గుహలో, పారిస్ నగరపు ప్రదర్శనశాలలో మనస్సునకు తట్టుట సహజము. తన పొలము గట్టు క్రిందనే కళ దాగియుండునన్న తలంపు పల్లెవాసికి అరుదుగా కలుగును. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల చరిత్ర పరిశీలించినచో ఈ యభిప్రాయము సవరించుకొనక తప్పదు. రెండువేల యేండ్లనాడే ఈ సీమలో గొప్ప పనివారుండిరి. నవీన చిత్రకళలో పేరుగాంచిన కొందరును ఈ నేల బిడ్డలే.

సంగారెడ్డికి చేరువనున్న కొండాపురమున కోటగడ్డ యను మట్టిదిబ్బ కలదు. 1940–42 సంవత్సరములలో నిజాం ప్రభుత్వ పురావస్తుశాఖ, గులాం యజ్దానీ నేతృత్వమున, దానిని త్రవ్వించెను. శాతవాహనుల కాలపు ఇటుక కట్టడములు, నాణెములు, పూసలు బయల్పడినవి. రోము చక్రవర్తి ఆగస్టసు బంగారు నాణెము సైతము దొరకుటచే దూరదేశములతో ఇచ్చటి వర్తకము స్పష్టమైనది. అయినను చూపరుల కన్ను నిలుచునది మట్టిబొమ్మల మీదనే. తెల్లని సుద్దమట్టిని రెండు అచ్చులలో వేర్వేరుగా నొత్తి, ముందుభాగమును వెనుకభాగమును అతికి, లోన డొల్లగా నుండునట్లు ఆ బొమ్మలను చేసిరి. అరచేతిలో ఇమిడెడు ముఖమునందు కొప్పు ముడి, చెవికమ్మ, పెదవి వంపు తేటగా తెలియుచుండును. చేసినవారి పేరు ఒక్కటియు నిలువలేదు. చేతి నేర్పు మాత్రము నిలిచినది. ఆ దిబ్బ చెంతనే నేడు కేంద్ర పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల కలదు.

అనేక శతాబ్దులు గడచిన పిమ్మట ఈ సీమ కళ మట్టినుండి రాతికి మరలినది. కల్యాణి చాళుక్యుల శాసనములందలి పొట్టలకెరె నేటి పటాన్‌చెరువే యని చరిత్రకారులు గుర్తించిరి. 11వ శతాబ్ది పూర్వార్ధమున రెండవ జయసింహుడు ఇచ్చటినుండి పాలించెను. అది జైనులకు ముఖ్యస్థానము. పటాన్‌చెరువున లభించిన 12వ శతాబ్ది నాటి నల్లరాతి మహావీర, బాహుబలి మూర్తులను హైదరాబాదులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో చూడవచ్చును. కొండాపురపు బొమ్మలో సింగారము ముచ్చట గొలుపగా, ఈ మూర్తులలో సింగారమును విడిచిన నిశ్చలత్వము మనస్సును పట్టును. కాలము మారినకొలది భావము మారును; భావమును బట్టి రూపము మారును.

ఈ సూత్రము తెలిసినవారికి నవీన కళ వింతగా తోచదు. మనిషి మనిషివలె లేనిచో అది చిత్రమెట్లగునని పలువురు ఆక్షేపింతురు. ఉన్నది ఉన్నట్లు చూపు పనికి 19వ శతాబ్దిలో కెమెరా వచ్చినది. అంతట చిత్రకారులు వేరు దారులు వెదకిరి. 1907 నాటికి పికాసో ఆఫ్రికా ముసుగులను, స్పెయిను ప్రాచీన శిల్పములను చూచి కొత్త రూపము కల్పించెను. క్రొత్తదనమునకై ఆయన చూచినది ప్రాచీనుల పనినే!

మన సీమలోను అట్లే జరిగినది. 2016 వరకు ఒకే మెదక్ జిల్లాగా నుండిన ఈ ప్రాంతమున, నిజాంపురమున 1940లో కె. లక్ష్మాగౌడ్ జన్మించిరి. హైదరాబాదున చదివి, 1960 దశకమున బరోడా చేరి, కె. జి. సుబ్రహ్మణ్యన్ వద్ద నేర్చిరి. జానపద కళను, మట్టిపనిని గౌరవించుట ఆ గురువు బోధ. శిష్యుడు నగరపు పోకడల ననుకరింపక, తన పల్లెలోని మేకలను, చెట్లను, స్త్రీపురుషులను గీతలలోనికి తెచ్చెను. తరువాత మట్టితో శిల్పములును చేసెను. 2016లో ఆయనకు పద్మశ్రీ లభించెను. సిద్ధిపేటలో 1925లో జన్మించిన కాపు రాజయ్యయు నకాషీ బొమ్మల పద్ధతినుండి ప్రేరణ పొంది, బోనాలు, బతుకమ్మ పండుగలను రంగులలో నిలిపిరి. వీరిరువురును ఎక్కడనో కళను వెదుకలేదు. ఇంటిముందరిదానినే క్రొత్త కంటితో చూచిరి.

1960 దశకము మొదలుకొని రామచంద్రాపురము, పటాన్‌చెరువులలో కర్మాగారములు వెలసినవి. వేలాది కుటుంబములకు వానివలన కూడు లభించినది. అయితే పునాది త్రవ్వు గునపమునకు మట్టిపెంకు, శిల్పఖండము ఒక్కటే. చూచు కన్ను లేనిచోట విగ్రహము గోడరాయి యగును, బొమ్మ చెత్తలో కలియును. ఒకసారి పోయిన దానిని ఏ ప్రభుత్వమును తిరిగి తేజాలదు.

కావున త్రవ్వునప్పుడు వింత వస్తువు కనబడినచో దానిని కదపక, తహసీలుదారునకు తెలుపుట ప్రతి పౌరుని ధర్మము. బిడ్డలకు ఒకసారి కొండాపురపు బొమ్మలను చూపుట తల్లిదండ్రుల ధర్మము. గ్రంథాలయము అక్షరములను చదువ నేర్పినట్లే, రాతిని, మట్టిని చదువ నేర్పవలెను. అట్లు నేర్చిన పల్లెలో పేరులేని ఆ శిల్పుల శ్రమ వృథా కాదు. రేపటి చిత్రకారునకు ఆధారము కొరవడదు.