ఈస్ట్ పైరోఫాస్ఫేటేజ్

ఈస్ట్ పైరోఫాస్ఫేటేజ్ అనునది రొట్టెల తయారీలో వాడే శాకరోమైసిస్ సెరివిసియే అను ఈస్టులోని జీవక్రియా ఎంజైము. ఇది పైరోఫాస్ఫేటును నీటి సహాయంతో రెండు ఫాస్ఫేటులుగా విడగొడుతుంది. ఇందుకు మెగ్నీషియం అయాన్లు అవసరం.

ప్రాముఖ్యం

కణంలో డి.ఎన్.ఎ., ఆర్.ఎన్.ఎ. తయారగునపుడు ఒక్కొక్క న్యూక్లియోటైడు చేరినప్పుడల్లా ఒక పైరోఫాస్ఫేటు విడుదలవుతుంది. అది పేరుకొనిన యెడల చర్య వెనుకకు మరలవచ్చును. ఈ ఎంజైము దానిని విడగొట్టి, చర్య ముందుకు సాగుటకు తోడ్పడుతుంది. దీని జన్యువైన ఐ.పి.పి.1 లేనిచో ఈస్టు జీవించలేదు.

తయారీ, ఉపయోగాలు

ఈస్టు నుండి స్ఫటికరూపంలో ఈ ఎంజైమును వేరుచేసిన విధానాన్ని మోజెస్ కునిట్జ్ 1952లో వివరంగా ప్రచురించాడు. నేడు ఈస్టు జన్యువును ఇ. కోలి బాక్టీరియాలో ప్రవేశపెట్టి, పునఃసంయోజక పద్ధతిలో దీనిని తయారు చేస్తున్నారు. పరీక్షనాళికలో ఆర్.ఎన్.ఎ.ను తయారు చేయునపుడు పైరోఫాస్ఫేటు మెగ్నీషియంతో కలసి అవక్షేపమై, చర్యను మందగింపజేస్తుంది. ఈ ఎంజైమును చేర్చి ఆ అడ్డంకిని తొలగిస్తారు.

క్రియాశీలతను కొలుచుట

నిర్ణీత పరిస్థితులలో ఒక నిమిషంలో విడుదలైన ఫాస్ఫేటును బట్టి ఎంజైము క్రియాశీలతను లెక్కిస్తారు. ఫాస్ఫేటును కొలిచే ప్రసిద్ధ విధానాలలో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ఒకటి. ఇందులో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలసిన పిదప, క్షయకరణ చర్య వలన నీలిరంగు ఏర్పడుతుంది. రంగు గాఢతే ఫాస్ఫేటు పరిమాణాన్ని తెలుపుతుంది. సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో ఈ పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. సుబ్బారావు పశ్చిమ గోదావరి జిల్లాలో మొగల్తూరుకు సమీపాన గల భీమవరంలో 1895లో జన్మించాడు.